‘మెస్సీయ’ అంటే ఎవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో ఈ శీర్షికకు అందే ఉత్తరాలలో ఎక్కువ భాగం ఏటా ఒకే మాట చుట్టూ తిరుగుతుంటాయి. క్రైస్తవులూ అడుగుతారు, క్రైస్తవులు కానివారూ అడుగుతారు. ఈసారి అలాంటి ఐదు ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా వీధి చర్చి గోడ మీద ‘యేసు క్రీస్తు’ అని ఉంటుంది. పండుగ బ్యానరు మీద ‘మెస్సీయ’ అని రాస్తారు. పాటల్లో ‘అభిషిక్తుడా’ అని వినిపిస్తుంది. ఈ మూడూ ఒకటేనా? క్రీస్తు అనేది ఆయన ఇంటిపేరా? మాకు అభిషేకం అంటే గుడిలో శివుడికి చేసేదే గుర్తుకు వస్తుంది. మనిషికి అభిషేకం ఏమిటి?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుడివాడ)

జవాబు: మూడూ ఒకటే. హెబ్రీ భాషలో ‘మాషీయహ్’ అన్న మాటకు నూనెతో అభిషేకం పొందినవాడు అని అర్థం. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నుంచి యూదుల లేఖనాలను గ్రీకులోకి తర్జుమా చేసిన పండితులు ఆ మాటను ‘క్రిస్తోస్’ అన్నారు. మనం వాడే ‘క్రీస్తు’ ఆ గ్రీకు మాటకు తెలుగు రూపం, ‘మెస్సీయ’ హెబ్రీ మాటకు తెలుగు రూపం, ‘అభిషిక్తుడు’ ఆ రెంటికీ అర్థం చెప్పే మాట. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో అంద్రెయ తన సోదరుడు సీమోను (ఈయనే పేతురు) దగ్గరకు వెళ్లి మెస్సీయను కనుగొన్నామని చెప్పినప్పుడు, ఆ మాటకు అభిషిక్తుడని అర్థమని సువార్తికుడే పక్కన వివరణ ఇచ్చాడు. కనుక క్రీస్తు ఇంటిపేరు కాదు, పదవి పేరు. మరియమ్మకు గానీ యోసేపుకు గానీ ఆ పేరు లేదు. ఊళ్లో ఆయనను నజరేయుడైన యేసు అనీ, యోసేపు కుమారుడనీ పిలిచారు. అయితే తొలి తరం బోధకుడు పౌలు రాసిన పత్రికల (ఉత్తరాల) నాటికే, అంటే సిలువ సంఘటన జరిగిన సుమారు 20 ఏళ్లకే, ఆ పదవి పేరు వాడుకలో దాదాపు సొంత పేరుగా మారిపోయింది. కానీ పౌలు చాలాచోట్ల మాటలు తిరగవేసి ‘క్రీస్తుయేసు’ అని రాయడం గమనిస్తే, అది బిరుదన్న స్పృహ ఆయనకు పోలేదని తెలుస్తుంది.

ఇక మనిషికి అభిషేకం సంగతి. మీరు శివాభిషేకాన్ని కాక పట్టాభిషేకాన్ని తలచుకోండి, చిక్కు సగం విడిపోతుంది. మన కథల్లో రాజుకు పుణ్యనదుల జలాలతో అభిషేకం చేస్తే, ఇశ్రాయేలులో ఒలీవ నూనెతో చేసేవారు. (మనకు నెత్తిన నూనె పెట్టడం తలంటు, పండగ పూట అమ్మ చేసే పని, అదే పని అక్కడ ఒక గొర్రెల కాపరిని రాజును చేసింది.) నిర్గమకాండము 30వ అధ్యాయంలో ఆ పరిశుద్ధ తైలం తయారీ విధానం కొలతలతో సహా ఉంది. గోపరసం 500 తులాలు, లవంగిపట్ట 250 తులాలు అంటూ సుగంధ ద్రవ్యాలను తూకం వేసి ఒలీవ నూనెలో కలపాలనీ, దానిని మామూలు మనుషుల ఒంటికి పూయకూడదనీ, ఇళ్లలో అలాంటిది చేసుకోకూడదనీ ఆంక్ష పెట్టారు. ఆ నూనెను అహరోను తల మీద పోసి అతడిని యాజకుణ్ణి చేశారు. సమూయేలు ప్రవక్త నూనె బుడ్డిని సౌలు తల మీద, కొన్నేళ్లకు నూనె కొమ్మును గొర్రెల కాపరి దావీదు తల మీద వంచి వారిని రాజులను చేశాడు. ఎలీషాను తన తరువాతి ప్రవక్తగా అభిషేకించమని ఏలీయాకు ఆజ్ఞ వచ్చింది. కాబట్టి పాత నిబంధనలో ‘అభిషిక్తుడు’ అన్నది ఏ ఒక్కరికో పరిమితమైన మాట కాదు. తనను చంపాలని తిరుగుతున్న సౌలు గుహలో చేతికి చిక్కినా, అతడు యెహోవా అభిషిక్తుడు గనుక చెయ్యి ఎత్తనని దావీదు వదిలేశాడు. ఇంకా విచిత్రం ఏమిటంటే, యెషయా 45వ అధ్యాయం పారసీక రాజు కోరెషును కూడా అభిషిక్తుడనే పిలిచింది. ఆయన యూదుడు కాడు, యెహోవాను ఎరిగినవాడూ కాడని ఆ అధ్యాయమే చెబుతుంది. క్రీస్తు పూర్వం 539లో బబులోనును పట్టుకొని, చెరలో ఉన్న యూదులను వెనక్కి పోనిచ్చాడు గనుక ఆ గౌరవం దక్కింది.

మరి ‘ఒక అభిషిక్తుడు’ ‘ఆ అభిషిక్తుడు’గా ఎప్పుడు మారాడు? సింహాసనం ఖాళీ అయ్యాక మారాడు. దావీదు వంశం నిలిచి ఉంటుందని నాతాను ప్రవక్త ద్వారా వచ్చిన వాగ్దానం సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో ఉంది. క్రీస్తు పూర్వం 586 ప్రాంతంలో బబులోనువారు యెరూషలేమును కూల్చి ఆ వంశపు రాజును చెరపట్టుకు పోయాక, వాగ్దానం ఉంది గానీ రాజు లేడన్న స్థితి ఏర్పడింది. ఆ ఖాళీలోనే ఎదురుచూపు పెరిగింది. దావీదు చిగురు ఒకటి మళ్లీ మొలుస్తుందనీ, అతడు న్యాయంగా ఏలుతాడనీ ప్రజలు ఆశపెట్టుకున్నారు. అందరి ఆశా ఒకే రకంగా లేదు. 1947 నుంచి మృతసముద్రం పక్కన కుమ్రాను గుహల్లో దొరికిన గ్రంథపు చుట్టలలో ఒకటి అహరోను అభిషిక్తుడు, ఇశ్రాయేలు అభిషిక్తుడు అని ఇద్దరి గురించి మాట్లాడుతుంది. అంటే ఒక యాజకుడు, ఒక రాజు. యేసు పుట్టిన నాటికి ఆ మాటకు అందరూ ఒప్పుకున్న ఒకే అర్థం ఉండేదని, ఆయన వచ్చి ఆ ఖాళీని సరిగ్గా పూరించాడని మన ప్రసంగాల్లో చెప్పే తీరు చరిత్రకు అంతగా సరిపడదు.

ప్రశ్న: యేసు మెస్సీయ అయితే ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దని శిష్యులను ఎందుకు ఆజ్ఞాపించాడు? చెప్పుకోవలసిన మాటే కదా?
(డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: మీరు అడిగిన సంఘటన మార్కు సువార్త 8వ అధ్యాయంలో ఉంది. అది జరిగిన చోటును ముందు చూడండి. హెర్మోను కొండ పాదాన ఉన్న ఆ ఊరిని తెలుగు బైబిలు ‘ఫిలిప్పుదైన కైసరయ’ అంటుంది. రోమా చక్రవర్తి పేరు పెట్టుకున్న ఊరు అది, హేరోదు రాజు ఔగుస్తు కైసరుకు గుడి కట్టించిన ప్రాంతం. ఆ దారిలో నడుస్తూ యేసు ‘నేను ఎవడనని మీరు అనుకుంటున్నారు’ అని అడిగితే, పేతురు ‘నీవు క్రీస్తువు’ అన్నాడు. కైసరు పేరున్న నేల మీద నిలబడి మరొకరిని అభిషిక్త రాజు అనడం ఆ రోజుల్లో భక్తి మాటగా మాత్రమే వినిపించదు.

హేరోదు చనిపోయిన క్రీస్తు పూర్వం 4లో చెలరేగిన తిరుగుబాటును అణచి, రోమా అధికారి వారుస్ సుమారు 2,000 మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీస్తు శకం 6లో జనసంఖ్య వ్రాసినప్పుడు గలిలయుడైన యూదా ప్రజలను తిరగబడేలా చేశాడు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అతడి ప్రస్తావన ఉంది. యేసు పెరిగింది ఆ గలిలయలోనే, శిష్యులు చాలామంది అక్కడివారే. వాళ్ల చెవిలో మెస్సీయ అన్న మాట పడితే కత్తి, గుర్రం, రోమావారు పారిపోయే దృశ్యం కళ్లముందు మెదలడం సహజం. రొట్టెలు పంచిన తరువాత జనం తనను బలవంతంగా రాజును చేయబోతున్నారని గ్రహించి, యేసు ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడని యోహాను రాశాడు. మాట నిజమే అయినా, విన్నవాళ్లు దానిలో పోసుకునే అర్థం వేరు కాబట్టి ఆయన దానిని దాచాడని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. 1901లో విలియం వ్రేడె అనే జర్మన్ పండితుడు దీనికి మరో వివరణ ఇచ్చాడు. యేసు బతికి ఉండగా తనను మెస్సీయ అని చెప్పుకోలేదనీ, ఆ లోటును పూడ్చడానికి తరువాతి సంఘం ఈ ‘రహస్యం’ కల్పించిందనీ ఆయన వాదన. నాకు ఆ వాదన పూర్తిగా నిలబడదనిపిస్తుంది. ఎవరూ ఎప్పుడూ ఆయనను రాజు అని అనుకోకపోతే, ‘యూదుల రాజు’ అన్న నేరం రాసిన పలకను రోమా అధిపతి పిలాతు ఆయన సిలువకు ఎందుకు కొట్టిస్తాడు?

అసలు కీలకం మౌనంలో కన్నా ఆ తరువాతి వాక్యాల్లో ఉంది. పేతురు ‘క్రీస్తువు’ అన్న వెంటనే, మనుష్యకుమారుడు (యేసు తనను తాను పిలుచుకున్న పేరు) అనేక శ్రమలు పొంది చంపబడాలని యేసు చెప్పడం మొదలుపెట్టాడు. పేతురు ఆయన చేయి పట్టుకొని గద్దించాడు. అప్పుడు వచ్చిన జవాబు, ‘సాతానా, నా వెనుకకు పొమ్ము’. ఒక్క నిమిషం క్రితం సరైన జవాబు చెప్పిన విద్యార్థికే ఈ మందలింపు దక్కింది. పేతురు బిరుదును సరిగ్గా పట్టుకున్నాడు, దాని లోపలి విషయాన్ని తప్పుగా పట్టుకున్నాడు. క్రైస్తవ విశ్వాసంలో మెస్సీయ అన్న మాటకు ఉన్న అర్థమంతా ఈ రెండు వాక్యాల మధ్య జరిగిన మార్పులోనే ఉంది. అభిషిక్తుడు ఏలడానికే వచ్చాడు, కానీ చనిపోవడం ద్వారా ఏలతాడు. తరువాత పౌలు సిలువవేయబడిన క్రీస్తును ప్రకటిస్తున్నామనీ, అది యూదులకు ఆటంకమనీ, అన్యజనులకు వెఱ్ఱితనమనీ కొరింథువారికి రాసినప్పుడు, వినేవారికి అది ఎంత పొసగని మాటో తెలిసే రాశాడు. సిలువవేయబడిన అభిషిక్తుడు అనడం ఆనాటి చెవికి ఉరితీయబడిన చక్రవర్తి అన్నట్టే ఉంటుంది.

చివరకు ఆయన దాచలేదన్నది కూడా గమనించండి. విచారణ రాత్రి ప్రధానయాజకుడు ‘పరమాత్ముని కుమారుడవైన క్రీస్తువు నీవేనా’ అని అడిగితే, మార్కు ప్రకారం యేసు ‘అవును’ అనే అన్నాడు. అప్పటికి చేతులు కట్టివేసి ఉన్నాయి, శిష్యులు పారిపోయారు. ఇక ఆ మాటను ఎవరూ కత్తి అని పొరబడే ప్రమాదం లేదు.

ప్రశ్న: దావీదుకు సమూయేలు నూనె పోశాడు. మరి యేసుకు ఎవరు పోశారు? ఎప్పుడు? అభిషేకం జరగకుండా అభిషిక్తుడు ఎలా అవుతాడు?
(గృహిణి, నరసాపురం)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు, ఎందుకంటే దీనిని ఆదివారపు బడి పిల్లలు అడిగితే చాలామంది టీచర్లు తడుముకుంటారు. సంఘం మొదటి నుంచీ చెప్పే జవాబు యొర్దాను నది. బాప్తిస్మం పొంది నీటి నుంచి పైకి వచ్చినప్పుడు ఆత్మ పావురం వలె దిగివచ్చిందనీ, నూనె స్థానంలో పరిశుద్ధాత్మయే ఉన్నదనీ నమ్ముతారు. రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లో పేతురు చేసిన ప్రసంగంలో, దేవుడు నజరేయుడైన యేసును పరిశుద్ధాత్మతోను శక్తితోను అభిషేకించాడన్నాడు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం విప్పి, బీదలకు సువార్త ప్రకటించడానికి ప్రభువు తనను అభిషేకించాడన్న భాగం చదివి, ఈ లేఖనం నేడు మీ వినికిడిలో నెరవేరిందన్నాడు. సిద్ధాంతపరంగా ఇది సరిపోతుంది.

అయితే ఆయన తల మీద నిజంగా తైలం పడిన సందర్భం ఒకటి ఉంది. మార్కు 14వ అధ్యాయం ప్రకారం, యూదుల పస్కా పండుగకు రెండు రోజుల ముందు బేతనియలో, కుష్ఠరోగియైన సీమోను ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, పేరు తెలియని ఒక స్త్రీ అచ్చ జటామాంసి అత్తరు బుడ్డిని పగలగొట్టి ఆయన తల మీద పోసింది. (జటామాంసి మన హిమాలయాల ఎత్తయిన చోట్ల పెరిగే మొక్క; ఆయుర్వేద కొట్లలో ఆ వేళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. అంత దూరం ప్రయాణించిన సరుకు కాబట్టే అంత ఖరీదు.) దాని వెల 300 దేనారముల పైమాటే అని అక్కడున్నవారు గొణిగారు. కూలివాడికి ఒక రోజు కూలి ఒక దేనారము. సుమారు ఏడాది కూలి డబ్బు ఒక్క క్షణంలో ఒలికిపోయింది. బీదలకు ఇవ్వవచ్చు కదా అన్నవారికి యేసు చెప్పిన జవాబు, భూస్థాపన కోసం ఈమె నా శరీరాన్ని ముందుగానే అభిషేకించింది అని.

ఈ దృశ్యాన్ని సమూయేలు దృశ్యం పక్కన పెట్టి చదవండి. అక్కడ దేశమంతా ఎరిగిన ప్రవక్త నూనె పోశాడు, ఇక్కడ సువార్తికుడు పేరు కూడా రాయని స్త్రీ పోసింది. అక్కడి నూనె సింహాసనానికి, ఇక్కడి అత్తరు సమాధికి. మరో సంగతి కూడా ఉంది. ఆదివారం తెల్లవారుజామున సుగంధద్రవ్యాలు కొనుక్కొని శరీరానికి పూయాలని సమాధికి వెళ్లిన స్త్రీలకు, మార్కు కథనంలో, పూయడానికి శరీరమే దొరకలేదు. కాబట్టి ఆ సువార్తలో యేసు శరీరానికి జరిగిన అభిషేకం బేతనియలోది ఒక్కటే. మత్తయి కూడా తల మీదనే పోసిందన్నాడు. యోహాను మాత్రం ఆమె లాజరు సోదరి మరియ అనీ, పాదాలకు పూసిందనీ అంటాడు. లూకా 7వ అధ్యాయంలోని పాపాత్మురాలి కథ మరో ఊళ్లో, మరో సందర్భంలో జరిగినది. రెండింటినీ కలిపి చెప్పే అలవాటును మానుకోవడం మంచిది.

మీరు కథోలిక సంఘానికి చెందినవారైతే, పవిత్ర వారంలో పీఠాధిపతి ఆశీర్వదించే పరిమళ తైలాన్ని చూసే ఉంటారు. జ్ఞానస్నానంలో నడినెత్తికి, భద్రమైన అభ్యంగనంలో (కన్ఫర్మేషన్) నుదుటికి రాసే ఆ తైలానికి గ్రీకు నుంచి వచ్చిన ‘క్రిస్మ’ అన్న పేరు, ‘క్రీస్తు’ అన్న మాట ఒకే ధాతువు నుంచి పుట్టినవి.

ప్రశ్న: నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. నా సహోద్యోగి యూదుడు, చాలా చదువుకున్నవాడు. మెస్సీయ ఇంకా రాలేదని అతను మర్యాదగానే అంటాడు. వందల ప్రవచనాలు నెరవేరాయని నేను చెబితే నవ్వి ఊరుకున్నాడు. అతనికి ఏం చెప్పాలి?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ)

జవాబు: ముందు ఆ ‘వందల’ లెక్కను పక్కన పెట్టమని నా సలహా. ఆ జాబితాలలో ఉన్న చాలా వచనాలను యూదులు ఎన్నడూ మెస్సీయ గురించిన ప్రవచనాలుగా చదవలేదు. మీ మిత్రుడి అభ్యంతరం చాలా సూటిగా ఉంటుంది. మెస్సీయ వస్తే జనములు తమ ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొడతారని, యుద్ధం నేర్చుకోవడం మానేస్తారని యెషయా 2వ అధ్యాయంలో ఉంది. అది జరగలేదు. పైగా యేసు సిలువ తరువాత 40 ఏళ్లకు, క్రీస్తు శకం 70లో, యెరూషలేము దేవాలయమే కూలిపోయింది. క్రీస్తు శకం 132లో రోమా మీద తిరగబడిన సీమోను అనే మరో నాయకుణ్ణి రబ్బీ (యూదు ధర్మగురువు) అకీవా అంతటివాడు మెస్సీయ అన్నాడు, ‘నక్షత్ర కుమారుడు’ అని అర్థం వచ్చే బార్ కొఖ్బా అన్న బిరుదు అతడికి దక్కింది. 135లో అతడు ఓడి చనిపోయాడు, కాబట్టి అతడు మెస్సీయ కాడని తేలింది. యూదుల కొలబద్ద అది: పని పూర్తిచేసినవాడే మెస్సీయ. ఆ కొలబద్దను మూర్ఖత్వమని కొట్టిపారేయలేము, ఎందుకంటే అది లేఖనాల నుంచే వచ్చింది.

క్రైస్తవుల జవాబు ఏమిటంటే, ఆ పని రెండు రాకడల మధ్య సాగుతున్నది. మొదటిసారి గాడిద మీద యెరూషలేములో ప్రవేశించి సిలువ ఎక్కినవాడే తిరిగి వస్తాడని విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటారు, అప్పుడు మిగిలిన వాగ్దానాలను నెరవేరుస్తాడని నమ్ముతారు. యూదులకు రాక ఒక్కటే, క్రైస్తవులకు రెండు. తేడా అంతా దీనిలో ఉంది. యెషయా 53లోని బాధింపబడిన సేవకుడు యేసే అని క్రైస్తవులు చదువుతారు, అది ఇశ్రాయేలు జాతి అని మధ్యయుగపు రబ్బీ రాషీ మొదలుకొని చాలామంది యూదు వ్యాఖ్యాతలు చదువుతారు. వచనం ఒకటే, చదివే చోటు వేరు.

నా మట్టుకు నేను లూకా 24వ అధ్యాయాన్ని ఈ విషయంలో అన్నిటికన్నా నిజాయితీ గల పాఠంగా భావిస్తాను. యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న ఎమ్మాయు గ్రామానికి నడిచిపోతున్న ఇద్దరు శిష్యులు, ఇశ్రాయేలును విమోచించేవాడు ఈయనే అని ఆశించామని భూతకాలంలో మాట్లాడారు. వాళ్లకు లేఖనాలు అప్పటికే తెలుసు, అయినా సిలువ వేయబడిన మెస్సీయ వాటిలో కనిపించలేదు. పునరుత్థానుడైన యేసు పక్కన నడుస్తూ విప్పి చెప్పాకే కనిపించాడు. అంటే క్రైస్తవులు లేఖనాల నుంచి లెక్కగట్టి యేసు దగ్గరకు రాలేదు, యేసు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి లేఖనాలను చదివారు. ఈ సంగతిని మీ మిత్రుడితో ఉన్నది ఉన్నట్టుగా చెప్పండి. అతను ఒప్పుకోకపోవచ్చు, కానీ ఈసారి నవ్వి ఊరుకోడు.

ప్రశ్న: మా సంఘంలో లెక్కలు అడిగితే, ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న వాక్యం చదివి నోరు మూయిస్తున్నారు. సేవకులు కూడా మెస్సీయ వంటి అభిషిక్తులేనా?
(సంఘ సభ్యుడు, ప్రకాశం జిల్లా)

జవాబు: ఆ వాక్యం 105వ కీర్తనలోనిది. దానిని ముందు నుంచి చదివితే, పరదేశులుగా దేశదేశాలు తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి అని స్పష్టంగా తెలుస్తుంది. బలవంతులైన రాజులు బలహీనులైన ఆ వలసదారులను బాధించకూడదని దేవుడు ఇచ్చిన హెచ్చరిక అది. దానిని అధికారం చేతిలో ఉన్నవారు, లెక్క అడిగిన సభ్యుడి మీద ప్రయోగించడం వాక్యాన్ని తలకిందులు చేయడమే.

అభిషేకం పొందినవారిని ప్రశ్నించకూడదన్న నియమం బైబిలులో లేదు. దావీదును మించిన అభిషిక్త రాజు ఇశ్రాయేలులో లేడు. అతడు తన సైనికుడు ఊరియా భార్యను తీసుకొని ఊరియాను చంపించినప్పుడు, నాతాను ప్రవక్త అతడి దగ్గరకు వచ్చి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. ఇక కొత్త నిబంధనలో అభిషేకం కొందరి సొత్తు కాదు. ‘మీరు పరిశుద్ధునివలన అభిషేకము పొందినవారు’ అని యోహాను తన మొదటి పత్రికలో రాసింది మామూలు విశ్వాసులందరికీ. ఆ లెక్కన లెక్కలు అడిగిన మీరూ అభిషిక్తులే. రోగుల కోసం పెద్దలు నూనె రాసి ప్రార్థించడం యాకోబు పత్రికలో ఉంది గనుక ఆ ఆచారాన్ని తప్పు పట్టలేము. కానీ ‘అభిషిక్తుడు’ అన్న పేరును సంఘానికి జవాబు చెప్పనక్కరలేని హోదాగా వాడుకోవడానికి ఏ వాక్యమూ ఆధారం కాదు. మీరు అడుగుతున్న లెక్కలు రాతపూర్వకంగా, సంఘ కమిటీ ద్వారా అడగండి.